రాయని మాటకు మార్కులు

ప్యాసేజీలో అక్షరాలా రాసి ఉండదు, కానీ ప్యాసేజీని ఒప్పుకున్నవాడు దాన్ని కాదనలేడు. రీడింగ్ కాంప్రహెన్షన్ పరీక్షల్లో ఇన్‌ఫరెన్స్ ప్రశ్న అడిగేది అలాంటి మాటను. ‘రచయిత మాటలను బట్టి ఏమని గ్రహించవచ్చు’, ‘పై పేరా దేన్ని సూచిస్తోంది’, ‘కింది వాటిలో పేరా బలపరిచేది ఏది’ అంటూ అడిగే తీరు మారుతుంది గాని అడిగేది మారదు. శాట్, జీఆర్‌ఈ, టోఫెల్, క్యాట్, బ్యాంకు పరీక్షలు, సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపరు, వేటిలోనైనా ఇది ఎదురవుతుంది. వందేళ్లు దాటిన దీని చరిత్రలో ఒకే తగవు మళ్లీ మళ్లీ తలెత్తుతుంది. చదువరి ఊహ ఎంత దూరం పోవచ్చు? లక్షల మందికి ఒకే జవాబు కావాలంటే ఆ ఊహను ఎక్కడ ఆపాలి?

ఈ పనికి తెలుగులో సరైన మాట దొరకడమే కష్టం. న్యాయశాస్త్రంలో ‘అనుమానం’ ఒక ప్రమాణం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని తేల్చడం అనుమానం. ఆంధ్రుడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ తర్కం మొదలుపెట్టేవారి చేతికి వచ్చే తొలి పుస్తకం. అందులోనూ ఈ పొగా నిప్పే ఉదాహరణ. వాడుక తెలుగులో మాత్రం ఆ మాట దారి మళ్లింది. అనుమానం అంటే ఇప్పుడు సందేహం, లేదా శంక. పోలీసులకు దొంగ మీద, అత్తకు కోడలి మీద వచ్చేది. రుజువుకు పెట్టిన పేరు చివరకు రుజువు లేనిదానికి స్థిరపడింది. అందుకే పుస్తకాలు ‘అనుమితి’ అనో ‘నిర్ధారణ’ అనో రాస్తాయి, పిల్లలు ‘ఇన్‌ఫరెన్స్’ అని ఊరుకుంటారు.

మీమాంసకులు చెప్పిన అర్థాపత్తి పరీక్ష ప్రశ్నకు ఇంకా దగ్గర. దేవదత్తుడు లావుగా ఉన్నాడు, పగలు భోంచేయడు. ఈ రెండూ నిజమైతే రాత్రి తింటున్నాడని ఒప్పుకోక తప్పదు. ఇదే నేటి బ్యాంకు పరీక్షలో వస్తే ‘రాత్రి తింటాడు’ అన్నది సరైన ఆప్షన్ అవుతుంది. ‘దొంగచాటుగా తింటాడు’, ‘ఏదో వ్రతం పట్టాడు’, ‘పగలు తిండి మానేస్తే లావెక్కుతారు’ అన్నవి దాని పక్కన చేరతాయి. ఒకటి అతనికి లేని ఉద్దేశం అంటగడుతుంది, ఇంకొకటి కారణం కల్పిస్తుంది, మూడోది ఒక్కడి సంగతిని లోకానికంతటికీ పులుముతుంది. అంతమాత్రాన శాస్త్రానికీ పరీక్షకూ వంశసంబంధం ఉందనుకోకూడదు. పరీక్షలోని ఇన్‌ఫరెన్స్ అమెరికాలో, వేరే అవసరం కోసం పుట్టింది.

పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి బడుల్లో చదవడమంటే పైకి చదవడమే. 1836లో వెలువడడం మొదలైన మెక్‌గఫీ రీడర్ చేతబట్టుకుని పిల్లవాడు లేచి నిలబడేవాడు. ఉచ్చారణ, విరామాలు, గొంతులో హెచ్చుతగ్గులు చూసి పంతులు మంచీ చెడ్డా చెప్పేవాడు. మన వీధిబడిలో పెద్ద బాలశిక్ష వల్లించిన పిల్లవాడికీ కొలత అదే. అర్థమైందీ లేనిదీ గొంతే చెబుతుందని నమ్మకం. 1908లో ఎడ్మండ్ హ్యూయీ పఠనం మీద రాసిన పుస్తకం వచ్చేనాటికి పరిశోధకుల చూపు మౌనపఠనం వైపు మళ్లుతోంది. పెద్దవాళ్లు బతుకులో చదివేదంతా మనసులోనే కదా. అయితే పెదవి కదపని చదువరికి ఏం అర్థమైందో తెలుసుకోవాలంటే ప్రశ్న వేయడం తప్ప దారి లేదు. ఆ జవాబులకు మార్కులు ఎవరు, ఎలా వేయాలన్నదే చిక్కు.

ఆ చిక్కు విప్పడానికి పూనుకున్నవాడు ఫ్రెడరిక్ కెల్లీ. 1914లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఆయన చేసిన పరిశోధన ఉపాధ్యాయుల మార్కుల మీదే. ఒకే రకం జవాబుకు ఒక పంతులు ఒకలా, ఇంకో పంతులు ఇంకోలా వేస్తుంటే ఆ అంకెలకు విలువేమిటన్నది ఆయన ప్రశ్న. తరవాత కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఉండగా ఆయన తయారుచేసిన ‘కాన్సస్ సైలెంట్ రీడింగ్ టెస్ట్’ 1915-16 ప్రాంతంలో బడులకు చేరింది. ఆప్షన్లిచ్చి ఒకటి ఎంచుకోమనే పద్ధతికి ఆద్యుడిగా చాలామంది ఆయన పేరే చెబుతారు. పరీక్షకు ఐదు నిమిషాలు. ఒక అంశంలో నాలుగు జంతువుల పేర్లుంటాయి: ఆవు, పులి, ఎలుక, తోడేలు. పొలానికి పనికొచ్చేదాని చుట్టూ గీత గీయాలి. ఆవు తప్ప వేరే జవాబు ఒప్పు కాదని సూచనల్లోనే రాసిపెట్టాడు. రెండు రకాలుగా అర్థం చెప్పుకోవడానికి వీలున్న ప్రశ్నకు ఆయన పరీక్షలో చోటు లేదు.

ఆ పరీక్షలోనే మరో అంశం ఉంది. చేతిలో ఎరుపు, ఆకుపచ్చ, పసుపుపచ్చ కాగితాలున్నాయి. ఎరుపునూ ఆకుపచ్చనూ కుర్చీ మీద పెడితే చేతిలో మిగిలే రంగేది? పసుపు మిగిలిందని వాక్యంలో ఎక్కడా లేదు, అయినా అది తప్ప ఇంకేదీ మిగలదు. బడిపిల్లలకు సామూహికంగా పెట్టిన చదువు పరీక్షలో రాయని మాటకు మార్కు వేసిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అందులో ఊహకు ఇచ్చిన చోటెంతో చూస్తే వెంట్రుకవాసి కూడా లేదు. కెల్లీకి కావలసింది అదే.

మరుసటి ఏడాదే వేరే మాట వినిపించింది. 1917లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ‘చదవడమంటే తర్కించడమే’ అన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో ఆయన సరైన జవాబుల జోలికి అంతగా పోలేదు, పిల్లల తప్పులను ఏరి చూపాడు. ఇచ్చిన పేరా చిన్నదే. ఫ్రాంక్లిన్ అనే ఊళ్లో ఏడు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరూ బడి ఉన్న ప్రతి రోజూ హాజరు కావాలి. పిల్లవాడు బడికి రాలేనంత జబ్బుపడితే, ఇంట్లో ఎవరికైనా అంటురోగం వస్తే, దారులు నడవడానికి వీల్లేకుండా పోతే తప్ప. పేరా దేని గురించి అన్నది ఒక ప్రశ్న. పదేళ్ల అమ్మాయి ఏ రోజున బడికి రాకపోతే ఫరవాలేదన్నది ఇంకొకటి. రెండో ప్రశ్నకు జవాబు పేరాలో అలాగే ఎత్తి రాసుకోవడానికి దొరకదు. పదేళ్లు ఏడుకూ పద్నాలుగుకూ మధ్య ఉందని ముందు చూసుకోవాలి, ‘తప్ప’ అన్న మాటకు ఎంత బలముందో పట్టుకోవాలి, ఆ తరవాత మూడు మినహాయింపుల్లోకి పోవాలి.

పేరా దేని గురించి అంటే ‘ఫ్రాంక్లిన్’ అని రాసినవాళ్లున్నారు. థార్న్‌డైక్ దీన్ని అజాగ్రత్త అని తోసేయలేదు. వాక్యంలో ప్రతి మాటకూ దానికి తగ్గ బరువు ఇవ్వాలి. ఏదో ఒక మాట చదువరి మనసులో అతిగా బరువెక్కితే మిగతావి తేలిపోతాయి. మొదట కనిపించిన ఊరి పేరు బరువెక్కింది, హాజరు అన్న అసలు సంగతి తేలిపోయింది. పేరా చదవడం గణితంలో లెక్క చేయడం లాంటిదని, కావలసిన ముక్కలు ఏరి, సరైన సంబంధంలో పేర్చి, అక్కర్లేనివి వదిలేయడమే చదువని ఆయన తేల్చాడు. ఇప్పుడు ఏ కోచింగ్ సెంటర్లోనైనా ఇన్‌ఫరెన్స్ గురించి చెప్పే పాఠం ఈ వ్యాసానికి అవతల పెద్దగా పోదు. అయితే థార్న్‌డైక్ పిల్లలు తమ మాటల్లో జవాబు రాశారు. ఆయన ఒక్కొక్కటీ చదివి అందులో ఆలోచన ఎటు జారిందో చూశాడు. కెల్లీ పద్ధతిలో ఆ అవకాశం లేదు, గీత ఎక్కడ గీశారన్నదే మిగులుతుంది. పరీక్షకు విషయం థార్న్‌డైక్ ఇచ్చాడు, అచ్చు కెల్లీ ఇచ్చాడు. ఆ విషయం ఆ అచ్చులో ఏనాడూ పూర్తిగా ఇమడలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం కెల్లీ పద్ధతికే ఊతమిచ్చింది. 1917-18లో అమెరికా సైన్యం దాదాపు 17 లక్షల మందికి తెలివితేటల పరీక్షలు పెట్టింది. చదువు వచ్చినవారికి ఆల్ఫా, రానివారికి బీటా. అంతమంది సొంత మాటల్లో రాసిన జవాబులు దిద్దే తీరిక ఏ సైన్యానికి ఉంటుంది? ఆ పనిలో పాల్గొన్న ప్రిన్స్‌టన్ మనస్తత్వవేత్త కార్ల్ బ్రిగమ్ చేతుల మీదుగా 1926 జూన్ 23న తొలి శాట్ జరిగింది. సుమారు 8,000 మంది రాశారు. 97 నిమిషాల్లో 315 ప్రశ్నలు. తొమ్మిది భాగాల్లో ‘లాజికల్ ఇన్‌ఫరెన్స్’ ఒకటి, ‘పేరాగ్రాఫ్ రీడింగ్’ ఇంకొకటి. చదవడమంటే తర్కించడమేనని థార్న్‌డైక్ చెప్పిన తొమ్మిదేళ్లకే ఆ రెండూ పరీక్ష పేపర్లో వేర్వేరు గదుల్లో చేరాయి. అవి ఒక గదిలోకి రావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఈలోగా దిద్దే పని యంత్రానికి పోయింది. మిషిగన్‌లో బడిపంతులుగా పనిచేసిన రేనాల్డ్ జాన్సన్ పెన్సిల్ గ్రాఫైట్‌లో విద్యుత్తు ప్రవహించడాన్ని ఆధారం చేసుకుని ఆలోచించిన యంత్రం 1938 నాటికి ‘ఐబీఎం 805’గా మార్కెట్లోకి వచ్చింది. 1955లో అయోవా విశ్వవిద్యాలయంలో ఈ.ఎఫ్. లిండ్‌క్విస్ట్ బృందం వెలుతురుతో చదివే యంత్రాన్ని పనిలో పెట్టింది. ఓఎంఆర్ షీటు మీద బబుల్ దిద్దే అలవాటుకు మూలాలు అక్కడే ఉన్నాయి. ఎంత సూక్ష్మమైన ఊహ అయినా చివరికి ఒక నల్లచుక్కగా మారాలి, ఆ చుక్క నాలుగైదు గళ్లలో ఒకదానిలోనే పడాలి.

అసలు ఇన్‌ఫరెన్స్ విడిగా కొలవదగిన నైపుణ్యమేనా అన్న ప్రశ్న 1944లో ఫ్రెడరిక్ డేవిస్‌తో మొదలైంది. చదవడంలో తొమ్మిది నైపుణ్యాలున్నాయని ఆయన పేర్కొన్నాడు. చెప్పినదాని నుంచి చెప్పనిది రాబట్టడం వాటిలో ఒకటి. గణాంకాలు లెక్కగట్టి చూస్తే పదజ్ఞానం, తర్కం అనే రెండు బలంగా నిలబడ్డాయన్నాడు. 1946లో థర్‌స్టోన్ అవే అంకెలు తీసుకుని ఒక్క సామర్థ్యంతోనే అన్నీ వివరించవచ్చన్నాడు. 1968లో డేవిస్ ఎనిమిది నైపుణ్యాలతో మళ్లీ బరిలోకి దిగాడు. ఆ అంకెలను తిరిగి పరిశీలించినవారిలో రాబర్ట్ థార్న్‌డైక్ ఒకడు. 1917 నాటి థార్న్‌డైక్‌కు ఆయన కొడుకు. పదజ్ఞానాన్ని పక్కన పెడితే నైపుణ్యాలను విడివిడిగా పట్టుకోవడానికి ఆధారం తక్కువేనని ఆయన తేల్చాడు. 1970ల తొలినాళ్లలో ప్రకటించిన ఆ వ్యాసానికి తండ్రి శీర్షికనే పెట్టుకున్నాడు. ఈ పేచీ తేలకపోయినా మార్కుల జాబితాల్లో ‘ఇన్‌ఫరెన్స్’ అన్న గడి అలాగే ఉంది. కోచింగ్ సంస్థలు విద్యార్థికి ఇచ్చే బలహీనతల పట్టికలోనూ ఉంది. ఒక విద్యార్థి గురించి ‘ఇన్‌ఫరెన్స్‌లో వీక్’ అని రాసినప్పుడు, అతను పదాల దగ్గర తడబడ్డాడా, తర్కం దగ్గరా అన్నది ఆ గడి చెప్పదు.

మనస్తత్వశాస్త్రం మాత్రం 1970ల్లో ఇంకో దారి పట్టింది. 1972లో బ్రాన్స్‌ఫర్డ్, బార్‌క్లే, ఫ్రాంక్స్ కొందరికి కొన్ని వాక్యాలు వినిపించారు. నీటిలో తేలుతున్న దుంగ మీద మూడు తాబేళ్లు కూర్చున్నాయి, వాటి కింద నుంచి ఒక చేప ఈదుకుంటూ పోయింది అన్నది ఒకటి. తరవాత అడిగితే, చేప దుంగ కింద నుంచి పోయిందన్న వాక్యమే తాము విన్నామని చాలామంది అనుకున్నారు. తాబేళ్లు దుంగ మీద ఉంటే, వాటి కింద పోయిన చేప దుంగ కింద కూడా పోయినట్టే కదా. వినేవాడి మనసు వాక్యాన్ని దాచుకోదు, బొమ్మ గీసుకుంటుంది. తాను గీసిందీ చెవిన పడిందీ కలిసిపోతాయి. అంటే ఊహించడం చదువు పూర్తయ్యాక చేసే అదనపు పని కాదు, చదవడంలోనే ఆగకుండా జరిగిపోయేది. పరీక్షకు ఇక్కడే ఇబ్బంది. ఆపడానికి వీల్లేని పనిని కొంత మేరకే చేయమంటుంది.

ఆ బొమ్మ ఎవరి రంగులతో గీసుకుంటారన్నది 1979లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధన చూపింది. మార్గరెట్ స్టెఫెన్సన్, చిత్రా జోగ్‌దేవ్, రిచర్డ్ ఆండర్సన్ రెండు ఉత్తరాలు తయారుచేశారు. ఒకటి అమెరికా పెళ్లి గురించి, ఇంకొకటి భారతీయ పెళ్లి గురించి. అమెరికన్లకూ, అక్కడ ఉంటున్న భారతీయులకూ రెండూ ఇచ్చారు. ఎవరి పెళ్లి ఉత్తరాన్ని వాళ్లు త్వరగా చదివారు, ఎక్కువ గుర్తుంచుకున్నారు. అమెరికా ఉత్తరంలో పెళ్లికూతురు అమ్మమ్మ కట్టుకున్న పెళ్లిదుస్తులు వేసుకుంటుంది. వాళ్లలో అది గర్వంగా చెప్పుకునే సంప్రదాయం. భారతీయ చదువరి ఒకరు ఆ దుస్తులు పాతబడిపోయాయని, ఫ్యాషన్ దాటిపోయాయని అర్థం చేసుకున్నారు. కొత్త చీర లేకుండా పీటల మీద కూర్చోవడం చూడని ఇంట్లో పెరిగినవారికి అది సహజమైన ఊహే. తర్కంలో లోపమేమీ లేదు, ఆ తర్కం నిలబడ్డ నేల వేరు.

ఇలాంటి తేడాలు జవాబులో చొరబడకుండా పరీక్షలు తయారుచేసేవారు వేసిన కట్టడి ఒకటుంది. సరైన జవాబు ‘బహుశా నిజం’ అయితే చాలదు, ప్యాసేజీ ప్రకారం నిజమై తీరాలి, బయటి జ్ఞానంతో పనిపడకూడదు. ఆ పని ఎలా ఉంటుందో ఒక చిన్న ప్యాసేజీతో చూడవచ్చు:

‘ఆ ఏడాది చెరువు తూము జూలైలో తీయలేదు, ఆగస్టు రెండో వారంలో తీశారు. అప్పటికి పై ఆయకట్టు రైతులు చాలామంది నారు పోసి ఉన్నారు. చివరి ఆయకట్టులో కొందరు జొన్న విత్తారు.’

దీన్నుంచి ఏమి గ్రహించవచ్చు? ఒకటి, ఆ ఏడాది వానలు ఆలస్యమయ్యాయి. రెండు, చివరి ఆయకట్టు రైతులకు నీళ్లు అందుతాయన్న నమ్మకం లేదు. మూడు, ఆయకట్టు రైతులందరూ ఒకే పంట వేయలేదు. నాలుగు, జొన్న వరికంటే లాభసాటి.

ఊళ్లో ఏ రైతును అడిగినా రెండోదే చెబుతాడు. అతను చెప్పేది నిజమయ్యే అవకాశమే ఎక్కువ. చెరువు చివరి పొలాల సంగతి తెలిసినవాడు అంతకంటే చప్పని ఊహ చేయడు. కానీ జొన్న విత్తినవాళ్లు నీటి బెంగతోనే విత్తారని ప్యాసేజీ చెప్పలేదు, పశువుల మేత కోసమూ విత్తి ఉండవచ్చు. తూము ఆలస్యానికి వానలే కారణమనీ లేదు, తూము మరమ్మతులో ఉండవచ్చు. లాభం మాటే ఎత్తలేదు. మిగిలింది మూడోది. అన్నిటికంటే నీరసమైనది, ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోనిది, అందుకే కాదనలేనిది. ఇన్‌ఫరెన్స్ ప్రశ్నల్లో సరైన ఆప్షన్ చాలాసార్లు ఇలాగే ముఖం వేలాడేసుకుని ఉంటుంది. అయితే ఈ కట్టడి కూడా పూర్తిగా బిగువు కాదు. నారు పోసే పంట, నేరుగా విత్తే పంట ఒకటి కావని తెలియని నగరపు విద్యార్థికి ఆ మూడోది కూడా దక్కదు. బయటి జ్ఞానం అక్కర్లేని ప్యాసేజీ నిజానికి లేదు. అందరికీ ఉంటుందని పేపర్ తయారుచేసినవారు అనుకున్న జ్ఞానం మాత్రమే అందులో ఉంటుంది.

తప్పు ఆప్షన్ల తయారీ ఒక వృత్తి విద్య. సరైన జవాబు రాయడం కంటే, తప్పయినా తెలివైనవాడిని ఓ క్షణం ఆపగలిగే మూడు వాక్యాలు రాయడం కష్టం. ప్యాసేజీలోని మాటలనే ఎత్తి సంబంధం మార్చడం, ‘కొన్ని’ని ‘అన్నీ’ చేయడం, కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేయడం, లోకంలో నిజమైనా ప్యాసేజీలో లేనిది పెట్టడం – చేతివాటం ఈ నాలుగైదింటిలోనే తిరుగుతుంది. పెద్ద పరీక్షల్లో ఒక ప్రశ్నను మార్కుల లెక్కలోకి తీసుకునే ముందు నిజమైన అభ్యర్థుల మీదే గుట్టుగా ప్రయోగించి చూస్తారు. మొత్తం మీద బాగా రాసినవారు ఎక్కువగా తప్పుతున్న ప్రశ్నను అనుమానించి పక్కన పెడతారు. మనం వాడే అర్థంలోనే, అనుమానించి.

ఈ చేతివాటాన్ని తలకిందులుగా చదవడమే కోచింగ్. బ్రూక్లిన్‌లో స్టాన్లీ కాప్లాన్ 1938లో ట్యూషన్లు మొదలుపెట్టి, 1940ల్లో శాట్ శిక్షణకు దిగాడు. ప్రశ్నపత్రాలు బయటికి రాని రోజులవి. పరీక్ష రాసి వచ్చిన పిల్లలకు విందులిచ్చి, గుర్తున్న ప్రశ్నలు చెప్పించుకునేవాడు. నేడు బ్యాంకు పరీక్ష షిఫ్టు ముగియగానే తిరిగే ‘మెమరీ బేస్డ్ పేపర్’ ఆ విందుకు దూరపు చుట్టమే. 1979లో న్యూయార్క్ రాష్ట్రం చేసిన చట్టంతో ప్రశ్నలూ జవాబులూ అభ్యర్థులకు ఇవ్వక తప్పలేదు. పాత పేపర్లు బహిరంగంగా దొరికాక పద్ధతులు పుట్టుకొచ్చాయి. ముందు జవాబు మనసులో అనుకుని ఆ తరవాత ఆప్షన్లు చూడడం, ‘ఎప్పుడూ’, ‘మాత్రమే’, ‘అందరూ’ ఉన్న ఆప్షన్‌ను మొదట శంకించడం, వేలు పెట్టి చూపగల వాక్యం లేని ఆప్షన్‌ను కొట్టేయడం లాంటివి. ఆప్షన్‌ను కాదనుకుని చూస్తే ప్యాసేజీతో పేచీ వస్తుందా అని పరీక్షించడం వీటిలో నిక్కమైనది. అది దేవదత్తుడి తర్కమే. గాటైన మాటల ఆప్షన్ తప్పని గుడ్డిగా కొట్టేయడం మాత్రం చదువు కాదు, తయారుచేసినవారి అలవాటును పసిగట్టడం. ప్యాసేజీయే ‘ఒక్కరూ రాలేదు’ అన్నప్పుడు ‘ఎవరూ’ ఉన్న ఆప్షనే ఒప్పవుతుంది.

పసిగట్టడం ఎంత దూరం పోతుందో 1990లో స్టువర్ట్ కాట్జ్, సహచరులు చూపారు. శాట్ ప్రశ్నలను ప్యాసేజీ లేకుండా ఇచ్చినా విద్యార్థులు గుడ్డి లెక్కన రావలసిన 20 శాతం కంటే బాగా ఎక్కువే సరిగా గుర్తించారు. ప్రశ్నలకూ ఆప్షన్లకూ మధ్య ఉన్న పొంతన చూసి, ప్యాసేజీ ఏమై ఉంటుందో ఊహించారు. ఇన్‌ఫరెన్స్‌ను కొలవడానికి పెట్టిన పరీక్ష ఒక రకంగా దాన్నే కొలిచింది, కాకపోతే తాను అనుకున్నచోట కాదు.

ఒకే జవాబు అన్న మాట మీద దాడి అంతకుముందే మొదలైంది. భౌతికశాస్త్రవేత్త బనేష్ హాఫ్‌మన్ 1962లో రాసిన ‘ది టిరనీ ఆఫ్ టెస్టింగ్’ పుస్తకం, లోతుగా ఆలోచించేవాడే ఇలాంటి ప్రశ్నల్లో నష్టపోతాడని వాదించింది. లండన్ టైమ్స్‌కు ఒక తండ్రి రాసిన ఉత్తరాన్ని ఆయన ఉదాహరించాడు. క్రికెట్, ఫుట్‌బాల్, బిలియర్డ్స్, హాకీ – వీటిలో ఇమడనిది ఏది? బిలియర్డ్స్ ఒక్కటే ఇంటి లోపల ఆడేది. ఫుట్‌బాల్ ఒక్కటే చేతిలో ఏ సాధనమూ లేకుండా ఆడేది. హాకీకీ, క్రికెట్‌కూ వాదించేవాళ్లు బయల్దేరారు.

2012 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రపు ఎనిమిదో తరగతి పరీక్షలో ఇది వేళాకోళం దాకా పోయింది. డేనియల్ పింక్‌వాటర్ నవలలోని ఒక ఘట్టాన్ని మార్చి ప్యాసేజీగా ఇచ్చారు. అనాసపండు కుందేలును పరుగుపందేనికి పిలుస్తుంది. కదలలేని పండు సవాలు చేసిందంటే ఏదో ఎత్తు ఉండే ఉంటుందని అడవి జంతువులు దాని వైపే నిలుస్తాయి. పండు ఉన్నచోటు నుంచి కదలదు, కుందేలు గెలుస్తుంది, జంతువులు పండును తినేస్తాయి. ఎందుకు తిన్నాయి? జంతువుల్లో ఎవరిది తెలివైన మాట? పిల్లలు ఇంటికెళ్లి వాదించుకున్నారు, పత్రికలు రాశాయి, రచయితే ఆ ప్రశ్నలకు అర్థం లేదన్నాడు. చివరకు ఆ ప్యాసేజీ మీది ప్రశ్నలను లెక్కలోంచి తీసేశారు. తమాషా ఏమిటంటే కథలోని జంతువులు చేసిన తప్పూ ఇన్‌ఫరెన్స్‌దే. లేని ఎత్తును ఊహించాయి. ఐదేళ్ల తరవాత, తన కవితల మీద టెక్సాస్ పరీక్షల్లో అడిగిన ప్రశ్నలకు తానే జవాబు చెప్పలేకపోయానని కవయిత్రి సారా హాల్‌బ్రూక్ రాసింది. చరణం అక్కడ ఎందుకు విరిచారన్న ప్రశ్నకు కవయిత్రికి ఉన్న కారణం ఆప్షన్లలో లేదు.

పరీక్షల సంస్థలు దీనికి తమ పద్ధతిలో బదులిచ్చాయి. 2011లో మారిన జీఆర్‌ఈలో మూడు ఆప్షన్లిచ్చి, ఒప్పయినవన్నీ గుర్తించమనే ప్రశ్నలు వచ్చాయి. రెండిట్లో ఒకటి వదిలేస్తే మార్కు లేదు. ఒకదాన్ని పట్టుకుని మిగతావి కొట్టేసే ఎలిమినేషన్ అక్కడ పనిచేయదు. 2016లో శాట్ జవాబు వెంటనే ఇంకో ప్రశ్న జోడించింది: ఇప్పుడు ఇచ్చిన జవాబుకు ఆధారం ఏ వాక్యాల్లో ఉంది? థార్న్‌డైక్ చూసిన ఆలోచన దారి వందేళ్ల తరవాత నల్లచుక్కల్లోనే కొంతైనా కనిపించింది. ఆ ఏర్పాటు ఎక్కువ కాలం సాగలేదు. 2023లో ఇతర దేశాల్లో, 2024లో అమెరికాలో వచ్చిన డిజిటల్ శాట్‌లో పెద్ద ప్యాసేజీలు పోయి, 25 నుంచి 150 పదాల ముక్కలు వచ్చాయి. ముక్కకు ఒక్కటే ప్రశ్న. ఇన్‌ఫరెన్స్ అంటే ఇప్పుడు చివరి వాక్యంలో ఖాళీ, దాన్ని తర్కబద్ధంగా నింపే ఆప్షన్. ఒక పేజీలో చెప్పి మరో పేజీలో మార్చిన మాటను పట్టుకునే పని ఇక అందులో లేదు.

భారతదేశంలో ఈ ప్రశ్న రెండు దారుల్లో నాటుకుంది. 1957లో అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ ఇక్కడికి వచ్చి మూల్యాంకనంపై కార్యశాలలు నడిపాడు. ఏడాది ముందే వెలువడిన ఆయన విద్యాలక్ష్యాల వర్గీకరణలో అవగాహన అన్న మెట్టు కిందనే, ఇచ్చినదాన్ని దాటి పొడిగించడం కూడా ఉంది. బీఈడీ పుస్తకాల్లో జ్ఞానం, అవగాహన, వినియోగం అని వల్లించే మెట్లకు మూలం ఆయనే. రెండో దారి ఉద్యోగాల ఎంపిక. 1975లో మొదలై 1984లో ఐబీపీఎస్‌గా మారిన సంస్థ ద్వారా బ్యాంకు పరీక్షలకు ఒక రూపం ఏర్పడింది. వాటిలో చాలాకాలం నడిచిన ఒక రకం ప్రశ్న ప్యాసేజీ కింద కొన్ని వాక్యాలిచ్చి ఒక్కోదాన్ని ఐదు మెట్లలో ఎక్కడో ఒకచోట నిలపమనేది: కచ్చితంగా నిజం, బహుశా నిజం, సమాచారం చాలదు, బహుశా తప్పు, కచ్చితంగా తప్పు. అమెరికాలో వాట్సన్-గ్లేజర్ పరీక్షలో ఉన్న మెట్లు కూడా ఇవే. చెరువు ప్యాసేజీలో రైతు చెప్పిన రెండో ఆప్షన్‌కు ఇక్కడ ‘బహుశా నిజం’ అన్న గౌరవమైన చోటు దొరుకుతుంది. న్యాయంగా చూస్తే ఊహకు మర్యాద ఇచ్చిన పద్ధతి ఇదే. కానీ ‘బహుశా’కూ ‘సమాచారం చాలదు’కూ మధ్య గీత ఎక్కడన్నది నంద్యాల కోచింగ్ హాలులో ఒక్కో మాస్టారు ఒక్కోలా గీసేవారు, కీ వచ్చేదాకా తగవు తెగేది కాదు.

2011లో సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండో పేపరుగా సీశాట్ వచ్చింది. 80 ప్రశ్నలు, 200 మార్కులు. ప్యాసేజీలు చదివి ‘అత్యంత తార్కికమైన నిర్ధారణ’, ‘అంతర్లీన భావన’, ‘కీలక సందేశం’ ఏదో చెప్పాలి. ఈ మూడూ ఒకటి కావు. నిర్ధారణ ప్యాసేజీ తరవాత వచ్చేది, అంతర్లీన భావన ప్యాసేజీ నిలబడాలంటే ముందే ఉండవలసింది. ఆ తేడా పట్టుకోక పోగొట్టుకునే మార్కులే ఎక్కువ. 2014లో హిందీ అభ్యర్థులు ఢిల్లీలో ఆందోళనకు దిగారు. హిందీ అనువాదంలో ఉక్కు కర్మాగారం ‘ఉక్కు మొక్క’ అయిందని వాళ్లు చూపిన ఉదాహరణ దేశమంతా తిరిగింది. మొక్క అని చదివినవాడు దాన్నుంచి ఏమి నిర్ధారించాలి? 2015 నుంచి ఆ పేపర్లో 33 శాతం తెచ్చుకుంటే చాలని అర్హత పరీక్షగా మార్చారు. మెయిన్స్ తెలుగులో రాసుకునే వీలున్న అభ్యర్థికి కూడా ప్రిలిమ్స్ ప్యాసేజీ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఎదురవుతుంది. పదాల బరువు తూచడమే ఇన్‌ఫరెన్స్ అయితే, అరువు భాషలో ఆ తక్కెడ ఎప్పుడూ కొంచెం ఒరిగే ఉంటుంది.

తెలుగులో చదివి తెలుగులోనే ఊహించే పని పదో తరగతి తెలుగు పేపర్లో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 పాఠ్యప్రణాళిక చట్రం తరవాత వచ్చిన కొత్త పుస్తకాలతో పాటు ‘అవగాహన – ప్రతిస్పందన’ అన్న విభాగం వచ్చింది. అందులో అప్పుడప్పుడు ఒక పేరా ఇచ్చి, దాని మీద ప్రశ్నలు విద్యార్థినే తయారుచేయమంటారు. కెల్లీ కుర్చీలో పిల్లవాడిని కూర్చోబెట్టినట్టు. ఎక్కువమంది ‘ఎవరు’, ‘ఎక్కడ’, ‘ఎప్పుడు’ అని రాస్తారు. జవాబు పేరాలో వేలు పెట్టి చూపించేలా ఉంటుంది, మార్కు ఖాయం. ఎవరైనా ‘ఎందుకు’ అని రాసి, ఆ కారణం పేరాలో ఎక్కడా లేకపోతే, ఆ ప్రశ్నకు మార్కు వేయాలా వద్దా అన్నది దిద్దే టీచరు చేతిలో ఉంటుంది.